గోల్ఫ్ విల్లాల వెంచర్‌పై అభ్యంతరం రాయాలంటే: ముందు నీళ్ల లెక్క తీయండి

ఊరి పక్కన గోల్ఫ్ కోర్సు, దాని చుట్టూ విల్లాలు వస్తున్నాయని తెలిశాక చాలాచోట్ల జనం ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఎదురుచూస్తుంటారు. టెంటు వేస్తారు, అధికారులు వస్తారు, మైకు ఇస్తారు, అప్పుడు నిలదీద్దాం అనుకుంటారు. ఆ రోజు రాదు. గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు జరిగే ఆ సభ టౌన్‌షిప్‌లకు ఉండదు. 2006 సెప్టెంబరు 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ షెడ్యూలులో భవనాలు, టౌన్‌షిప్‌లు 8వ అంశం కింద ఉన్నాయి. వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఆ నోటిఫికేషనే మినహాయించింది. సభ కోసం కూర్చున్న ఊరికి, ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చేసిన సంగతి జేసీబీ దిగాకే తెలుస్తుంది.

కాబట్టి అభ్యంతరాన్ని కాగితం మీదే పెట్టాలి, అదీ సరైన ఆఫీసులో, సరైన సమయంలో.

ముందుగా ప్రాజెక్టు ఏ గాటన పడుతుందో చూడాలి. నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్ల నుంచి 1,50,000 లోపు ఉంటే 8(ఎ). 1,50,000 దాటినా, మొత్తం విస్తీర్ణం 50 హెక్టార్లు చేరినా 8(బి). రెండోదానికి పూర్తి ఈఐఏ నివేదిక తయారుచేయాలి, దానికి ముందు ఏమేం అధ్యయనం చేయాలో చెప్పే టీఓఆర్ తీసుకోవాలి. 50 హెక్టార్లంటే దాదాపు 123న్నర ఎకరాలు. 18 హోల్స్ కోర్సు ఒక్కదానికే 120 నుంచి 180 ఎకరాలు కావాలి. అంటే గోల్ఫ్‌తో కలిపిన టౌన్‌షిప్ ఏదైనా మామూలుగా 8(బి)లోకే రావాలి. రాలేదంటే ఎక్కడో కోత పడిందన్నమాట. సాధారణంగా ఆ కోత రెండు రకాలు: కోర్సును వేరే కంపెనీ పేరు మీద పెట్టి విల్లాలకు మాత్రమే దరఖాస్తు చేయడం, లేదా విల్లాలను ఫేజ్-1, ఫేజ్-2 అని విడగొట్టి ఒక్కోదాన్ని పరిమితికి కాస్త కింద ఆపడం. బ్రోషర్‌లో మాత్రం అంతా ఒకే ప్రాజెక్టు. ఆ బ్రోషర్, సైటు దగ్గర పెట్టిన హోర్డింగు ఫొటో, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో ఉన్న లేఅవుట్ ప్లాన్, ఈ మూడూ అభ్యంతరానికి జత చేయండి. కమిటీ ముందు దీనికంటే సూటైన సాక్ష్యం ఉండదు.

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో ఉంటుంది. జిల్లా, ప్రాజెక్టు రకం పెట్టి వెతికితే ఫారాలు, మ్యాపులు, సరిహద్దు కేఎంఎల్ ఫైలు దొరుకుతాయి. ఆ కేఎంఎల్‌ను గూగుల్ ఎర్త్‌లో తెరిచి పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి. వాగు, కుంట, ఫీడర్ కాలువ ఆ గీత లోపల ఎక్కడెక్కడ పడ్డాయో తెలుస్తుంది. దరఖాస్తును రాష్ట్రస్థాయి నిపుణుల కమిటీ, అంటే ఎస్ఈఏసీ, పరిశీలిస్తుంది. నిర్ణయం ఎస్ఈఐఏఏది, అంటే అనుమతిచ్చే రాష్ట్రస్థాయి పర్యావరణ సంస్థది. పరిశీలనకు 60 రోజులు, ఆపై నిర్ణయానికి 45 రోజులు అని నోటిఫికేషన్ చెబుతుంది. రాష్ట్ర సంస్థ కాలపరిమితి ముగిసి కొత్తది ఏర్పడని వ్యవధిలో ఫైలు ఢిల్లీ కమిటీకి పోతుంది. అప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇచ్చిన లేఖ ఎవరి బల్ల మీదా ఉండదు. కమిటీ ఎజెండాలో ప్రాజెక్టు పేరు కనిపించిన వెంటనే, ఆ సమావేశం తేదీకి ముందే మీ కాగితం లోపలికి చేరాలి. ఇంకా మేలైన సమయం టీఓఆర్ దశ. అప్పుడైతే "ప్రాజెక్టు ఆపండి" అనే బదులు "ఫలానా బోర్ల మీద ఎండాకాలంలో పంపింగ్ పరీక్ష చేయాలి, ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత) చూపించాలి" అని అడగొచ్చు. అడిగింది టీఓఆర్‌లో చేరితే, తర్వాత నివేదికలో లేకపోవడమే ఒక లోపంగా నిలబడుతుంది.

నీళ్ల లెక్క

ఏ గోల్ఫ్ టౌన్‌షిప్ దరఖాస్తు చూసినా నీళ్ల దగ్గర ఒకే మాట ఉంటుంది: గడ్డికి మంచినీళ్లు వాడం, ఎస్టీపీలో, అంటే మురుగు శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసిన నీళ్లే వాడతాం. వినడానికి బాగుంటుంది. లెక్క వేసి చూడాలి.

800 విల్లాలు, ఇంటికి నాలుగున్నర మంది అనుకుందాం. 3,600 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 4.86 లక్షల లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తే 3.89 లక్షలు. మనిషికి 45 లీటర్ల చొప్పున టాయిలెట్ ఫ్లష్‌కు ఈ శుద్ధి చేసిన నీళ్లే తిరిగి వాడతామని కూడా అదే దరఖాస్తులో ఉంటుంది, దానికి 1.62 లక్షలు పోతాయి. గడ్డికి మిగిలేది 2.27 లక్షలు.

ఇప్పుడు గడ్డి వైపు. కోర్సు మొత్తం 150 ఎకరాలున్నా నీళ్లు పెట్టే పచ్చిక 75 ఎకరాలే అనుకుందాం. ఎకరంలో ఒక మిల్లీమీటరు ఎత్తు నీరంటే 4,047 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో దక్కన్ ఎండకు బెర్ముడా గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లు తక్కువ అంచనాయే, స్ప్రింక్లర్ నష్టాలు కలపకుండా. అది 15.18 లక్షల లీటర్లు. ఉన్నవి 2.27. రోజుకు దాదాపు 12.9 లక్షల లీటర్ల లోటు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 129. బోర్లయితే, సెకనుకు ఒకటిన్నర లీటరు పోసే బోరు పది గంటలు నడిస్తే 54,000 లీటర్లిస్తుంది, అలాంటివి 24 కావాలి. రాతినేలలో మే నెలలో ఆ ధార ఇచ్చే బోర్లు ఎన్ని ఉంటాయో ఊళ్లో రైతులకు చెప్పక్కర్లేదు.

నా అంకెలు ఉదాహరణకే. మీ అభ్యంతరంలో మాత్రం వాళ్ల దరఖాస్తులోని జనాభా, వాళ్ల పచ్చిక విస్తీర్ణం, వాళ్ల లీటర్లు పెట్టి ఇదే లెక్క చేయండి. వాటర్ బ్యాలెన్స్ అనే పట్టికలో అన్నీ ఉంటాయి. ఆ పట్టికలో చూడాల్సింది "ల్యాండ్‌స్కేపింగ్" అన్న వరుస: గోల్ఫ్ పచ్చికను అందులో కలిపారా, విల్లాల మధ్య తోటల్నే చూపారా? పచ్చిక విస్తీర్ణం ఒక పేజీలో 75 ఎకరాలుగా, నీళ్ల పట్టికలో 20 ఎకరాలుగా ఉండటం వింతేమీ కాదు. వేసవి లెక్క విడిగా లేకుండా ఏడాది సగటు ఇచ్చినా అదే తిరకాసు. వానాకాలపు సున్నా మే నెల దాహాన్ని కాగితం మీద సగం చేసేస్తుంది.

నిపుణులు కూడా తరచూ వదిలేసేది ఇంకొకటి ఉంది, క్రమం. గడ్డి ముందు వేస్తారు, ఇళ్లు తర్వాత నిండుతాయి. పచ్చటి కోర్సు చూపిస్తేనే విల్లాలు అమ్ముడవుతాయి కాబట్టి ఇది తప్పదు. కొత్తగా నాటిన గడ్డికి వేళ్లు దిగే దాకా మామూలుకంటే ఎక్కువ తడులు కావాలి, సరిగ్గా అప్పుడే ఎస్టీపీకి మురుగు ఉండదు. పెట్టుబడి కోసం కొన్న విల్లాలు ఏళ్ల తరబడి తాళాలతోనే ఉంటాయి, మురుగు చాలినంత రాకపోతే ఎస్టీపీలోని సూక్ష్మజీవులు నిలవవు, నీటి నాణ్యతా నిలవదు. ఆ కాలమంతా గడ్డిని పోషించేది బోర్లే. అందుకని అడగాల్సిన ప్రశ్న ఇది: మొదటి అయిదేళ్లలో, ఏడాదివారీగా, గడ్డికి నీళ్లు ఎక్కడివి? ఈ ఒక్క వాక్యానికి పట్టికతో జవాబు ఇవ్వమని కమిటీని కోరండి.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. గడ్డికి తడి అక్కర్లేదు, ఎస్టీపీ నీళ్లు రోజూ వస్తూనే ఉంటాయి. అవి ఎటు పోతాయి? ప్లానులో అవుట్‌ఫాల్, అంటే నీళ్లు బయటికి వదిలే చోటు, ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది కింది చెరువులోకే ఉంటుంది.

కోర్సులోని అందమైన కొలనుల్ని వాననీటి సంరక్షణ కింద చూపిస్తారు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన కొలను నుంచి భూమిలోకి చుక్క ఇంకదు. పైగా పది ఎకరాల కొలను నుంచి వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 2.83 లక్షల లీటర్లు గాలిలో కలుస్తాయి. పై లెక్కలో మిగిలిన ఎస్టీపీ నీళ్లన్నీ కలిపినా దానికే చాలవు.

బోర్ల విషయంలో వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, 2002 నాటిది, రెండు రాష్ట్రాల్లోనూ చేతిలో ఉన్న ఆయుధం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు పడకూడదు, చెట్లు కొట్టాలన్నా అనుమతి కావాలి. మీ పంచాయతీ తాగునీటి బోర్లను గ్రామ పటం మీద గుర్తించి చుట్టూ 250 మీటర్ల వృత్తాలు గీసి జతచేయండి.

చెరువు, బఫర్, యూరియా

2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం (చెరువు గర్భం) భూములకు 9 మీటర్లు బఫర్ వదలాలి. పది మీటర్లకంటే వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, చిన్నవాటికి 2. తెలంగాణలో ఇప్పటికీ భవన అనుమతులకు ఇదే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 భవన నియమాలు చూసుకోవాలి. ఇదే జీవో బఫర్‌ను "రిక్రియేషనల్, గ్రీన్ బఫర్ జోన్"గా ఉంచాలని, అక్కడ భవనాలు కట్టకూడదని అంటుంది. గోల్ఫ్ డిజైనర్ ఆ సందులోంచే లోపలికొస్తాడు: ఫెయిర్‌వే, అంటే బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక దారి, భవనం కాదు, పచ్చదనమే, వినోదమే. కాబట్టి "బఫర్‌లో నిర్మాణం" అని రాస్తే మీ అభ్యంతరం ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. "బఫర్‌లో మట్టి నింపడం, ఎరువులు పురుగుమందులు వాడే పచ్చిక, భూగర్భ డ్రైనేజీ పైపులు" అని రాయాలి.

ఎరువు లెక్క రైతులకు సులువుగా అర్థమవుతుంది. ఎకరానికి ఏడాదికి 60 కిలోల నత్రజని ఇలాంటి పచ్చికకు మామూలు మోతాదే. 75 ఎకరాలకు 4,500 కిలోలు. యూరియాలో 46 శాతమే నత్రజని కాబట్టి అది 45 కిలోల బస్తాలు 217. అదంతా గడ్డే తినేస్తుందని నివేదిక అంటుంది. కానీ గ్రీన్ అనే భాగాన్ని, అంటే జెండా ఉండే చోటును, 30 సెంటీమీటర్ల ఇసుక మీద పెంచుతారు, దాని కింద కంకర, కంకరలో రంధ్రాల పైపులు. నీళ్లు నిలవకూడదనే ఆ ఏర్పాటు. పోసిన నీళ్లతోపాటు కరిగిన నత్రజని, శిలీంద్రనాశిని కూడా అంతే త్వరగా ఆ పైపుల్లోకి దిగుతాయి. పద్దెనిమిది గ్రీన్ల పైపులు ఎక్కడ తేలతాయో డ్రైనేజీ ప్లాన్ చూపించాలి. ఆ ప్లాన్ జతచేయని దరఖాస్తులో అడగాల్సిన మొదటి కాగితం అదే.

మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకు చేరాలంటే మధ్యలో వాగు ఉండాలి. గోల్ఫ్ కోర్సు వేయడమంటే నేల మొత్తాన్ని తిరగతోడి గుట్టలు, పల్లాలు కొత్తగా చేయడమే. అందులో ఫీడర్ కాలువ "అలంకార వాగు"గా మారి, ఒక వంపు తిరిగి, వాళ్ల కొలనులోకే పోతుంది. ఎఫ్‌టీఎల్ గురించి అందరూ మాట్లాడతారు, చెరువును ఎండబెట్టేది మాత్రం ఇది. గ్రామ పటంలోని వాగు సర్వే నంబర్లు, వెంచర్ ప్లాన్‌లోని కొత్త దారి, రెండూ ఒకే స్కేలులో పక్కపక్కన పెట్టండి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలోనైతే చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ప్రిలిమినరీ నోటిఫికేషన్ దగ్గరే ఆగిందా, ఫైనల్ అయిందా అన్నది చూసి రాయండి. ఫైనల్ కాని చెరువు గీత మీద బిల్డర్ లాయరు గంటసేపు వాదిస్తాడు.

ఖాళీ స్థలం ఎవరిది

లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయాలి. సభ్యత్వం ఉన్నవాళ్లు మాత్రమే అడుగుపెట్టే కోర్సును ఆ 10 శాతంలో కలపడానికి లేదు. కలిపారేమో చూడండి. మాస్టర్ ప్లాన్‌లో రిక్రియేషన్, కన్జర్వేషన్ జోన్లను కూడా ఇలాగే వాడుకుంటారు. 1996 మార్చి 8 నాటి జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాల్ని కట్టడి చేసినప్పుడు కూడా రిక్రియేషన్ అన్న మాట అందులో ఉంది. పిల్లలు ఆడుకునే మైదానానికీ, 217 బస్తాల యూరియా పడే పచ్చికకూ ఆ మాట ఒకటే. భూ వినియోగ మార్పిడికి ప్రకటన వచ్చినప్పుడు అభ్యంతరాలకిచ్చే గడువు తక్కువ, ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకని సర్వే నంబర్ల జాబితా ముందే తయారుగా ఉండాలి.

ప్రభుత్వమే భూమి సేకరించి ఇస్తుంటే 2013 భూసేకరణ చట్టం చూడాలి. అందులో ప్రజా ప్రయోజనాల జాబితాలో క్రీడలు, పర్యాటకం ఉన్నాయి. అభ్యంతరంలో అందుకే కోర్సునూ విల్లాలనూ విడదీసి చూపించాలి: ఎన్ని ఎకరాలు ఆటకు, ఎన్ని అమ్మకానికి. నానక్‌రామ్‌గూడ, మణికొండల దగ్గర ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ, దుబాయ్ కంపెనీ ఎమ్మార్ కలిసి తలపెట్టిన 535 ఎకరాల ప్రాజెక్టులో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకు పోయాయి. మిగతాదాంట్లో పెద్ద భాగం అమ్ముకునే ఇళ్లకు, ప్లాట్లకు. అసైన్డ్ భూములుంటే 1977 చట్టం విడిగా వర్తిస్తుంది. వాటి సర్వే నంబర్లు రెవెన్యూ రికార్డుతో సహా వేరే పేజీలో పెట్టండి, నీళ్ల వాదనలో కలపొద్దు.

దశలవారీ షరతుల గురించి స్కాట్లాండ్‌లోని మెనీ ఉదంతం చదవదగ్గది. అబర్డీన్‌షైర్ తీరంలో 2006లో డొనాల్డ్ ట్రంప్ కంపెనీ రెండు గోల్ఫ్ కోర్సులు, 450 గదుల హోటల్, 950 హాలిడే ఇళ్లు, 500 మామూలు ఇళ్లు కడతానంది. ఆ ఇసుక దిబ్బల్లో కొంత భాగం శాస్త్రీయ ప్రాముఖ్యమున్న రక్షిత స్థలం. 2007 నవంబరులో కౌన్సిల్ కమిటీ అధ్యక్షుడి కాస్టింగ్ ఓటుతో తిరస్కరించింది. స్కాటిష్ ప్రభుత్వం ఫైలు తన చేతిలోకి తీసుకుని, 2008లో బహిరంగ విచారణ జరిపి, ఆ నవంబరులో అనుమతించింది. దిబ్బలకు నష్టమున్నా ఉద్యోగాలు, పెట్టుబడి దాన్ని మించుతాయన్నది వాదన. కోర్సు 2012లో తెరిచారు. 450 గదుల హోటల్ రాలేదు. 2019లో 550 ఇళ్లకు కౌన్సిల్ అనుమతిచ్చింది. 2020 డిసెంబరులో, దెబ్బతిన్న దిబ్బల భాగానికి రక్షిత హోదా తీసేశారు, కాపాడాల్సింది అక్కడ మిగల్లేదు కాబట్టి. పర్యావరణ అభ్యంతరంలో పస లేక కాదు ఓడింది. తూకంలో రెండోవైపు వేసిన వాగ్దానాలకు షరతుల బిగింపు చాలలేదు. మన దగ్గర కూడా "స్థానికులకు ఉద్యోగాలు" అన్న పేరా వచ్చినప్పుడు, ఎన్ని, ఏ ఏడాదికి, రాకపోతే ఏ దశ ఆగుతుంది అని రాతపూర్వకంగా అడగండి. "ఎస్టీపీ పూర్తి సామర్థ్యంతో నడిచేదాకా రెండో తొమ్మిది హోల్స్‌కు గడ్డి వేయరాదు" లాంటి షరతు కోరడం, మొత్తం ప్రాజెక్టు వద్దనడం, రెండూ ఒకే లేఖలో ప్రధాన అభ్యర్థన, ప్రత్యామ్నాయ అభ్యర్థనగా పెట్టొచ్చు.

లేఖ

పైన ప్రాజెక్టు పేరు, పరివేష్ ప్రతిపాదన నంబరు, సర్వే నంబర్లు. తర్వాత ఒక్కో అభ్యంతరానికి వాళ్ల నివేదికలో పేజీ, పట్టిక నంబరు, అందులోని అంకె, మీ లెక్క, మీరు కోరేది. నాలుగు పేజీలు దాటితే ఎవరూ చదవరు, జతపత్రాలు ఎన్నైనా ఫరవాలేదు. ఒకే లేఖను జిరాక్స్ తీసి 300 మంది సంతకాలు పెడితే అది ఒకే అభ్యంతరంగా లెక్క. బోరు ఉన్న రైతు తన బోరు లోతు, చేపలు పట్టే సంఘం తమ చెరువు, రోడ్డు పక్క ఇళ్లవాళ్లు టిప్పర్ల సంగతి విడివిడిగా రాస్తే అయిదు లేఖలే అయినా బరువు ఎక్కువ. "ధనవంతుల ఆట" అన్న మాట సభలో చప్పట్లు తెస్తుంది, కమిటీకి అది పరిశీలనాంశం కాదు. భూముల ధరలు, వీధి లైట్లు, పక్క ఊరి రాజకీయం కూడా అంతే.

కాపీలు ఎస్ఈఐఏఏకి, ఎస్ఈఏసీ కార్యదర్శికి, కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకు, లేఅవుట్ అనుమతిచ్చే సంస్థకు. ప్రతిదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ ఫరవాలేదు, కానీ అది చేరే దారి పొడుగు. గ్రామసభ తీర్మానం ఉంటే తేదీతో సహా జతచేయండి. లేని కాగితాలకు ఆర్టీఐ: గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి ఇది అన్నిటికంటే ముందు వేయాల్సిన దరఖాస్తు.

అనుమతి వచ్చేస్తే వాళ్లు కనీసం రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, కాపీ పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు బోర్డు మీద పెట్టాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ తొంభై దాటితే ట్రిబ్యునల్‌కే అధికారం లేదు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి. వెబ్‌సైటులో పెట్టిన రోజు నుంచే గడువు మొదలైందని ఎదుటి పక్షం వాదిస్తుంది, కాబట్టి "మాకు ఆలస్యంగా తెలిసింది" మీద ఆధారపడొద్దు. వారానికోసారి పోర్టల్ చూసి తెరను సేవ్ చేసే పని ఊళ్లో ఒకరికి అప్పగించండి.

అనుమతి తర్వాత ఏటా జూన్ 1న, డిసెంబరు 1న వాళ్లు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అందులో బోర్ల మీటరు రీడింగులు, ఎస్టీపీలోకి వచ్చిన, బయటికెళ్లిన నీళ్ల లెక్క ఉన్నాయేమో చూడండి, లేకపోతే ఆర్టీఐలో అవే అడగండి. దాన్ని పోల్చడానికి మీ దగ్గరా ఒక లెక్క ఉండాలి, అది వాళ్ల మొదటి బోరు పడకముందే మొదలవ్వాలి. పదో పన్నెండో బావులు, వాడని బోర్లు ఎంచుకుని, మే చివర్లో, నవంబరులో, తాడుకు బరువు కట్టి నీటిమట్టం కొలవండి. ఎప్పుడూ ఒకే గుర్తు నుంచి, పంపు ఆపిన ఆరేడు గంటల తర్వాత. తేదీ, సర్వే నంబరు, లోతు, కొలిచినవాళ్ల సంతకం ఒక పుస్తకంలో. భూగర్భ జల శాఖ పీజోమీటరు (నీటిమట్టం కొలిచే బోరు) మీ మండలంలో ఎక్కడుందో తెలుసుకుని దాని నెలవారీ రీడింగులు కూడా అదే పుస్తకంలో ఎక్కించండి.